మొండివదిన వేసిన అలసంద సాళ్ళు

ఆ ఇంటి పెద్దకోడల్ని వీధి వీధంతా మొండివదిన అనే పిలిచేది. పిలిస్తే పిలవనీ! ఆ మొండితనమే లేకపోతే వాళ్ళ చేను ఈపాటికి గోతులై ఉండేది.

మూడేళ్ళుగా ఆ చేలో జొన్న మోకాలెత్తుకు రాగానే పసుపెక్కిపోతోంది. కారణం జొన్నమల్లె అనే కలుపు. చూడబోతే జానెడు మొక్క, తెల్లటి పూలు, అమాయకపు మొహం. మట్టి కింద మాత్రం జొన్న వేళ్ళను పట్టుకుని పీల్చేస్తుంది. అది పైకి కనబడేసరికే సగం నష్టం జరిగిపోతుంది. అప్పుడు పీకి ఏం లాభం, నా మొహం!

"ఇంక చాలు వదినా. ఇటుకబట్టీ వాళ్ళు మట్టి అడుగుతున్నారు, ఇచ్చేద్దాం," అన్నాడు మరిది.

"ఒక్క పంట ఆగు. ఇదీ పోతే నేనే దగ్గరుండి తవ్విస్తా," అందావిడ.

ఆ ధైర్యం ఊరికే రాలేదు. కిందటేడు గట్టు పక్కన చెయ్యిజారి పడ్డ అలసందలు నాలుగు మొలిచి అల్లుకున్నాయి. ఆ చుట్టూ జొన్నమల్లె మొలవలేదు, అక్కడి జొన్నలే నిండుగా కంకి వేశాయి. ఇంట్లో మగవాళ్ళెవరూ పట్టించుకోని ఆ సంగతి ఆవిడ కంట్లో పడింది. అందుకే ఈసారి రెండు సాళ్ళ జొన్నకి ఒక సాలు అలసంద చొప్పున చేనంతా వేసింది.

నెల తిరక్కుండానే మరిదిగారు సాయం చేద్దామని చేలోకి దిగారు. వదిన అన్నం క్యారేజీతో వెళ్ళేసరికి చివరి రెండు అలసంద సాళ్ళూ పీకి గట్టున పోశాడు.

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది! ఏం చేశావయ్యా?"

"తీగ జొన్న తిండి తినేస్తోంది కదా వదినా!"

"తింటే తిననీ! మిగతావాటి మీద చెయ్యి పడిందంటే ఊరుకోను!"

కంకులు పాలు పోసుకునే వేళకి బట్టీ మేస్త్రి టేపు పట్టుకుని వచ్చాడు. మరిది ఆయన్ని చేలోకి తీసుకెళ్ళాడు, వెనకే వదిన. మరిది అలసంద పీకిన చోట జొన్నమల్లె విరగబూసి, జొన్న వాడిపోయి ఉంది. అక్కణ్ణుంచి అవతలి గట్టు దాకా అలసంద తీగ నేలను కప్పేసింది, జొన్న మనిషెత్తున పచ్చగా నిలబడింది. వెతికితే అక్కడొకటి ఇక్కడొకటి తప్ప మల్లె లేదు.

మరిది అటూ ఇటూ చూశాడు. మొహం ఎర్రబడింది.

"ఎక్కణ్ణుంచి తవ్వమంటారు?" అన్నాడు మేస్త్రి.

"తవ్వేదేం లేదండీ, వెళ్ళిరండి. ఈ పచ్చగా ఉన్నదంతా మా వదిన పంట. ఆ మాడిపోయిన ముక్క నాది."

కాపురానికొచ్చిన పన్నెండేళ్ళలో పొలం విషయంలో ఆవిడదే ఒప్పని ఇంట్లో ఒకరు ఒప్పుకోవడం అదే మొదలు. మొండివదిన గర్వంగా గుప్పెడు అలసంద కాయలు కోసి మరిది చేతిలో పెట్టింది.