నెల ముందు ఇవ్వని కాగితం

నాంపల్లి స్టేషన్ వెనక సందులో ఒక ఇంటి పై వాటాలో మేం తొమ్మిదేళ్లు అద్దెకున్నాం. జనవరిలో డాబా ఎక్కితే ఎగ్జిబిషన్ మైదానంలో జెయింట్ వీల్ కనిపించేది. టికెట్ లేకుండా ఎగ్జిబిషన్ చూస్తున్నామని మా ఆవిడ నవ్వేది. బేగం బజార్ నుంచి తెచ్చిన మిరపకాయలు అదే డాబా మీద ఎండేవి. ఇప్పటికీ ఎక్కడైనా ఆ ఘాటు తగిలితే నాకు ముందు ఆ మెట్లే గుర్తొస్తాయి.

కింద వాటాలో ఇంటివాళ్లిద్దరే, పెద్దాయన, ఆయన భార్య. పెద్దాయన ఆబిడ్స్‌లో చాలాకాలం టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపి, మూసేసేటప్పుడు ఒక మిషన్ ఇంటికి తెచ్చుకున్నారు. మా అగ్రిమెంటు దానిమీదే కొట్టారు. "ఖాళీ చేయదలచినచో నెల ముందుగా కాగితముపై తెలుపవలెను" అన్న వాక్యం కింద గీత కూడా కొట్టారు.

"ఫోన్ల మెసేజ్ వెడ్తే నడ్వదు. కాయితం కాయితమే" అన్నారు.

పెద్దాయన భార్యను నేను పిన్నిగారూ అనేవాణ్ణి. మాది కృష్ణా వైపు. "నీ గారు గీరు పక్కన వెట్టి తిను బిడ్డా" అంటూ సర్వపిండి పళ్లెం చేతిలో పెట్టేవారు. ఇంటి కాగితాలన్నీ ఆవిడ దగ్గరే ఉండేవి, ఒక రేకు బిస్కెట్ల డబ్బాలో. "ఏదడిగినా కండ్లు మూసుకొని తీస్తది" అని పెద్దాయన వచ్చినవాళ్లకల్లా చెప్పేవారు. ఆవిడ వినపడనట్టు లోపలికి వెళ్లేవారు గానీ, ఆ మాట పూర్తయ్యాకే వెళ్లేవారు.

తొమ్మిదో ఏడు నా ఆఫీసుకు దగ్గరలో, ఖైరతాబాద్‌లో ఇల్లు దొరికింది. ఆషాఢానికి పన్నెండు రోజులే ఉన్నాయి. ఆ నెలలో కొత్తింట్లో పాలు పొంగించరు కనుక ఈలోగానే చేరాలి. పెద్దాయనకూ ఆ ఆషాఢమే చిక్కు. మేం వెళ్లాక శ్రావణం దాకా ఆ వాటాలోకి ఎవరూ రారు. ఈ సంగతి తెలిసీ చెప్పడం నాలుగు రోజులు వాయిదా వేశాను.

చివరికి ఒక పొద్దున కిందికి దిగి చెప్పాను. పెద్దాయన చదువుతున్న పేపరు మడిచారు.

"ఏందయ్యా, గిట్ల చెప్తవు? ఆషాడంల ఎవలొస్తరు కిరాయికి? నెల ముంగట కాయితం ఇయ్యాలె గద."

"పోయిన నెలే రాసి పిన్నిగారి చేతికిచ్చానండీ" అన్నాను.

ముందుగా అనుకుని అన్న మాట కాదు. కానీ ఆవిడ పేరే ఎందుకు వచ్చిందో నాకు తెలుసు. ఆ మధ్య ఆవిడ పాలు పొయ్యి మీద పెట్టి మరిచిపోతున్నారు. మా ఆవిడను ఒకే ప్రశ్న రెండుసార్లు అడుగుతున్నారు. నమ్ముతారని తెలిసే నా నోరు అటు తిరిగింది.

ఆవిడ డబ్బా తెచ్చి కాగితాలన్నీ చాప మీద పరిచారు. ఒక్కొక్కటీ తిప్పి చూశారు. నేనూ పక్కన కూర్చుని వెతికాను. లేని కాగితం కోసం పావుగంట వెతికాను.

"ఇచ్చిండేమో. నాకే యాది లేదు" అన్నారు చివరికి.

పెద్దాయన కోప్పడలేదు. "నకలు రాసియ్యి" అని నాతో పోయిన నెల తారీఖుతోనే ఒక ఉత్తరం రాయించుకున్నారు. తరువాత కాగితాలు డబ్బాలో సర్ది, డబ్బాను తన బీరువాలో పెట్టి తాళం వేశారు. "ఇగ నువ్వు ఫికర్ వెట్టుకోకు" అన్నారు భార్యతో, మెత్తగానే. ఆవిడ ఖాళీ చేతులు కొంగుతో తుడుచుకున్నారు. పైకి వెళ్లి చెబితే మా ఆవిడ నాతో రెండు రోజులు మాట్లాడలేదు.

మొన్న ఖైరతాబాద్ ఇల్లు కూడా ఖాళీ చేయాల్సి వచ్చింది. ఈసారి నెల ముందే నోటీసు రాయడానికి కూర్చున్నాను. తారీఖు దగ్గర కలం ఆగింది. మూడేళ్లుగా నాంపల్లి మీదుగా వెళ్లినప్పుడల్లా ఆ సందు వైపు చూడకుండా తల తిప్పుకున్నవాణ్ణి, మరునాడు పొద్దున్నే ఆ గుమ్మంలో నిలబడ్డాను.

ఇద్దరూ ఉన్నారు. చాయ్ ఇచ్చారు. తాగకముందే చెప్పేశాను, కాగితం ఇవ్వలేదని, పిన్నిగారు ఏదీ పోగొట్టలేదని.

పెద్దాయన చాయ్ కప్పు కింద పెట్టారు. "గాడ కూసోని నువ్వు సుత దేవులాడితివి గదయ్యా" అన్నారు.

"అవునండీ, నేనూ వెతికాను."

ఆయన లేచి, బీరువా తీసి, డబ్బా తెచ్చి భార్య ముందు పెట్టారు. ఆవిడ దాన్ని ముట్టుకోలేదు. నావైపే చూశారు.

"నోటితోని చెప్తే నేను మల్ల మరుస్త బిడ్డా. నాకు మరుపు నిజంగనే వచ్చింది ఇప్పుడు. కాయితం మీద రాసియ్యి. తారీఖు ఇయ్యాల్టిదే వెయ్యి."

రాశాను. నాలుగు వాక్యాలు. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని, వేలు ఆనించి, ఒక్కో మాటా చదివారు. చూద్దామని పెద్దాయన చెయ్యి చాపారు. ఆవిడ ఇవ్వలేదు. నాలుగు మడతలు పెట్టి, డబ్బా మూత తీసి, అన్నింటికంటే పైన ఉంచారు.