మామిడి సొన చారల నత్త

సముద్రపు నత్తకి మామిడి సొనతో చారలు గీయడం నా బతుకులో నేను చేసిన పెద్ద వెధవపని. ముందే ఒప్పేసుకుంటున్నాను. కానీ మా బసవపున్నారావు బాబాయిని ఏడిపించకుండా ఉండడం కూడా మనిషన్నవాడి వల్ల అయ్యేది కాదు. ఆయనకి నత్తగుల్ల కనబడితే చాలు, దాని ఊరూ పేరూ తేలేదాకా అన్నం సహించదు.

ముసునూరులో సముద్రం ఎక్కడుందని అడక్కండి. సున్నం కోసం బందరు నుంచి బండ్ల మీద గుల్ల వస్తుంది. అందరూ దాన్ని నేరుగా బట్టీలో పోసి కాలుస్తారు. బాబాయి మాత్రం తోటలో తన బట్టీ పక్కన పాక కింద గోనెపట్టా పరిచి, కంసాలి దగ్గర కొన్న భూతద్దం కంటికి ఇరికించుకుని, పెసరగింజంత గుల్లల్ని ఒక్కొక్కటే ఏరుతాడు. చుట్లెన్ని? నోరు కుడివైపా, ఎడమవైపా? పెదవి మీద పళ్లున్నాయా? అడుగున బొడ్డుందా? ఇవన్నీ నోటుబుక్కులో ఎక్కాకే అది బట్టీకి పోవాలి. పెళ్లిచూపుల్లో కూడా ఇన్ని ప్రశ్నలు అడగరు.

ఓసారి చింతలపూడి షావుకారొకడు మా మామిడితోట కాయలు కొనడానికి వచ్చాడు. బేరం మధ్యలో బాబాయి చటుక్కున వంగి, అతని చొక్కాకున్న చిప్ప గుండీ మీద భూతద్దం పెట్టి, అది ఏ సముద్రపు గుల్లో తేల్చడానికి అరగంట ఆ గుండెల మీదే ఉండిపోయాడు. షావుకారు ఊపిరి బిగబట్టి నిలబడి, వదలగానే పక్కతోట వాళ్ల కాయలు కొనుక్కుపోయాడు.

నలభై ఎనిమిది వేసవిలో ఆయన కూతురి పెళ్లి కుదిరింది. ఇంటికి వెల్ల వేయించాలని పుష్పవతి పిన్ని తొందర. "వియ్యాలవారు మీ నత్తల్ని చూడ్డానికి రావట్లేదండీ" అని రోజుకి పదిసార్లు అనేది. బాబాయి చెవికెక్కితేగా. మద్రాసులో ఒక నత్తల పండితుడికి రెండేళ్లుగా గుల్లలు పంపుతున్నాడు. ఏది పంపినా ఇది మాకు తెలిసిందేనని జవాబు. ఆఖరి ఉత్తరంలో ఆయన విసుక్కుని, నిజంగా కొత్తదైతేనే పంపండి, లేకపోతే ఇక జవాబు రాయనని తేల్చేశాడు.

సరిగ్గా అప్పుడే నేను ఓ తెల్లటి గుల్లకి సొనతో మూడు చారలు గీసి కుప్పలో పడేశాను.

మర్నాడే దొరికింది. బాబాయి బట్టీ ఆపించేశాడు. ఒక్కటి దొరికితే చాలదట, ఇంకో పది దొరికితేనే కొత్త రకమని చెప్పొచ్చట. బండెడు గుల్ల ఏరడానికి బట్టీలో పనిచేసే వెంకాయమ్మనీ, నన్నూ కూర్చోబెట్టాడు. లోకంలో లేదని నాకొక్కడికే తెలిసిన నత్త కోసం నడుం పడిపోయేలా పదిరోజులు వెతికాను. పిన్ని మాటలు మానేసింది. "ఏం బాబూ, మీకింకా ఒక్కటీ కనబళ్లేదా?" అని వెంకాయమ్మ ఒకటే నవ్వు.

పదో రోజు బాబాయి మద్రాసుకి పార్సిలు కట్టడం మొదలెట్టాడు. ఆ సొన చారలు చూస్తే పండితుడు ఈయన్ని ఈ జన్మలో నమ్మడు. పరుగెత్తి చెయ్యి పట్టుకుని, జరిగిందంతా చెప్పేశాను.

బాబాయి తలెత్తలేదు. "తెలుసులేరా. దొరికిన రోజే నాలిక్కి తగిలించి చూశాను. బందరు సముద్రంలో మామిడి తోటలున్నాయా?"

"మరి పదిరోజులు ఎందుకు ఏరించావు?"

ఆయన పాకలో కూర్చున్న వెంకాయమ్మ వైపు చూపించాడు. నా నత్త దొరకడానికి ముందురోజే సున్నం తడుపుతుంటే ఆవిడ అరచేతులు రెండూ కాలి బొబ్బలెక్కాయట. పదిరోజులు సున్నం ముట్టుకోవద్దని డాక్టరు చెబితే వినలేదట. ఊరికే కూర్చోబెట్టి కూలి ఇస్తానంటే పుచ్చుకోనని మొండికేసిందట. ఇప్పుడు ఆ చేతులకి కొత్త చర్మం వచ్చింది.

"ఆ సంగతి పిన్నికి చెప్పొచ్చుగా?"

"చెబితే వెంకాయమ్మకి తెలుస్తుంది. నాకు పిచ్చనుకుంటే ఎవరికేం నష్టం?"

పార్సిల్లో ఉన్నది నా నత్త కాదు. వెంకాయమ్మ ఏరిన ఓ బుల్లి గుల్ల, నోరు ఎడమవైపుకి ఉంది; అలాంటిది ఏ పుస్తకంలోనూ లేదట. ఎవరు కనిపెట్టారన్న చోట ఆవిడ పేరే రాశాడు.

నాకు కాస్త ఉక్రోషం వచ్చింది. "నా నత్తని ఏ రకం కింద రాశావు?"

బాబాయి భూతద్దం తీసి నన్ను ఎగాదిగా చూశాడు.

"పైన చారలు, లోపల డొల్ల. దాని రకం తేల్చడానికి పుస్తకం ఎందుకురా, నీ మొహం చూస్తే చాలదూ?"