పెట్టెల వెనక తలుపు

మొన్న ద్వారకా నగర్‌లో కొత్తగా తెరిచిన విదేశీ బట్టల షాపులో అడుగు పెట్టగానే, ఇస్త్రీ ఆవిరి తగిలిన కొత్త కాటన్ వాసన గుప్పుమంది. అందరూ చొక్కాలు తిరగేసి చూసుకుంటున్నారు. ఆ వాసన వస్తే చాలు, నాకు మెహర్ మేడమ్ గుర్తొస్తారు.

సబ్బవరం దారిలో ఉన్న మా కుట్టు ఫ్యాక్టరీ ఆ షాపు కంపెనీకే చొక్కాలు పంపేది. మెహరున్నీసా మేడమ్ మా కుట్టు మెషిన్ల లైన్‌కి సూపర్‌వైజర్. వన్‌టౌన్‌లో దర్జీల ఇంట పుట్టిన మనిషి. కుట్టు వంకరపోతే తిట్టేవారు కాదు. ఆ చొక్కా మన చేతిలోనే పెట్టి, "ఇది నీ తమ్ముడికి ఏత్తావేటే?" అని అడిగేవారు. అంతకంటే నాలుగు తిట్లు తినడమే నయమనిపించేది.

ఆ కంపెనీ ఏ దేశంలో షాపు తెరిచినా ఇక్కడ మాకు తెలిసిపోయేది, ఆర్డర్లు పెరిగి ఆ నెల మా భోజనం వేళ కుంచించుకుపోయేది కాబట్టి. "కంపెనీ పెరుగుతోంది, మనమూ పెరుగుతాం" అని మేనేజరు ఒకటే మురిసిపోయేవాడు. ఏం పెరిగాం, నా మొహం. పెరిగినవి అట్టపెట్టెలు. గోడౌన్ నిండిపోయి, మా హాల్లోకొచ్చి, చివరికి నిప్పంటుకుంటే బయటపడాల్సిన పక్క తలుపుకి అడ్డంగా చేరాయి. మేడమ్ ఎన్నోసార్లు చెప్పి చూశారు. ఈ షిప్‌మెంట్ వెళ్లాక తీయిద్దాం అనేవాడాయన. అది వెళ్లేలోగా ఇంకోటి వచ్చిపడేది.

ఒకరోజు పొద్దున్న ఇస్త్రీ బల్ల దగ్గర వైరు కాలి పొగ లేచింది. వెంటనే ఆర్పేశారు, నిజమే. కానీ ఈలోపే మేమంతా ఆ తలుపువైపు పరిగెత్తి, పెట్టెలకి గుద్దుకుని ఒకరి మీద ఒకరం పడ్డాం. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని మళ్లీ మెషిన్ల ముందు కూర్చోగానే, మేడమ్ వెళ్లి మా లైను మెయిన్ స్విచ్ కట్టేశారు.

మేనేజరు పరిగెత్తుకొచ్చాడు. "ఏటి మేడమ్, ఏటి సేత్తన్నారు? కంటైనర్ సాయంత్రానికి పోర్టులో ఉండాల."

"ముందు దారి తియ్యించండి సార్. అప్పుడే మెషిన్లు తిరుగుతాయి."

"ఆర్డర్ పోతే పూచీ మీదే."

"మనిషి పోతే ఎవలిది సార్?"

ఆయన మా అందరినీ ఒకసారి చూసి, నావైపు వేలు చూపించాడు. "నువ్వెళ్లి స్విచ్ ఎయ్యి. ఈ రోజు నుంచి లైను నీది." ఎలమంచిలిలో మా ఇల్లు గడిచేది నా ఒక్కదాని జీతంతోనే. మేడమ్ నా వంక చూడనైనా లేదు. చూస్తే బలవంతం చేసినట్టవుతుందనుకున్నారేమో. లేచాను. స్విచ్ దాటుకుని వెళ్లి ఒక పెట్టె ఎత్తాను. వెనక కుర్చీలు జరిగిన చప్పుడు వినిపించింది. తలుపు తెరుచుకునేసరికి మధ్యాహ్నం దాటింది. కంటైనర్ ఆ రోజు పోర్టుకి చేరలేదు.

వారం తిరక్కుండానే మేడమ్‌ని మానిపించి, నా వెనక అందరూ లేచారు కాబట్టి నా మాట వింటారని ఆ కుర్చీ నాకిస్తామన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. నేరుగా మేడమ్ ఇంటికి వెళ్లి, "నానొల్లను మేడమ్, మానేత్తాను" అన్నాను.

ఆవిడ నా చేతికి టీ ఇచ్చారు. "తీసుకో. నువ్వొల్లకపోతే ఆళ్లు సెప్పిందానికల్లా తలూపేవోళ్లొత్తారు. ఆ రోజు నాకు భయమెయ్యలేదనుకున్నావేటి? కాళ్లు వణికిపోనాయి. అందుకే ఆ స్విచ్ బోర్డు పట్టుకుని నిల్చున్నాను."

ఇప్పుడు ఆ ఫ్లోరంతా నేనే చూసుకుంటున్నాను. కంపెనీ ఇంకా పెరుగుతూనే ఉంది. "రెండ్రోజులే మేడమ్, ఈ పెట్టెలు ఇక్కడుంచుదాం" అని నా పైవాళ్లు అడుగుతూనే ఉంటారు. వీల్లేదంటాను. అనేటప్పుడు పక్కన ఏది దొరికితే అది గట్టిగా పట్టుకుంటాను.