రైలింజను మోకాళ్లు

మోకాళ్లకు రాసుకుందామని ఇవాళ పల్లి నూనె వెచ్చబెట్టాను. ఆ వాసనకు గద్వాలలోని మా ఇల్లు, మా నాయిన చేతిలోని ఇత్తడి రైలింజను గుర్తొచ్చాయి.

అది బొమ్మే, కానీ నిజంగా ఆవిరితో నడిచేది. కింద స్పిరిటు దీపం వెలిగిస్తే, చక్రాల పక్కనున్న కడ్డీలు మా అవ్వ మోకాళ్లలా ముడుచుకుంటూ చాచుకుంటూ కదిలేవి. ఒక ఎండాకాలం అది మొరాయించింది. బోరు నీళ్ల సున్నం పట్టిందేమోనని నాయిన బాయిలరు కడిగాడు, వత్తి మార్చాడు, ఆవిరి గొట్టంలో సూది పెట్టి పొడిచాడు. అయినా జానెడు దూరం కుంటి ఆగిపోయేది.

"ఇయ్యాల ఎట్ల నడవదో చూస్త," అన్నాడు.

నాదీ అదే పట్టుదల. ఆయన పక్కకు వెళ్లినప్పుడల్లా, అవ్వ రోజూ మోకాళ్లకు రాసుకునే పల్లి నూనెతో ఆ కడ్డీలకు మర్దన చేశాను.

చివరికి నాయిన ఇంజనును వాసన చూశాడు. "ఏందే ఇది, పల్లి నూనె పోసినవా? వేడికి జిగురైపాయె గదా!"

"దానికి గూడ మోకాళ్లు నొస్తున్నయ్ నాయినా."

ఆయన నవ్వలేదు. కిరసనాయిలు గుడ్డతో కడ్డీలు తుడిచి, కుట్టుమిషను నూనె ఒక్క చుక్క వేశాడు. ఇంజను బండల మీద గోడ దాకా ఉరికింది.

నేను అదే గుడ్డ పట్టుకొని అవ్వ దగ్గరికి ఉరికాను. అవ్వ గబుక్కున చీర కిందికి లాక్కుంది. "దూరముండు పిల్లా! నా మోకాళ్లు నడవకున్నా మంచిదే!"

నూనె రాస్తే ఈ నొప్పి పోదని నాకు తెలుసు. అవ్వకూ తెలిసే ఉంటుంది. అయినా రెండో మోకాలికీ రాసుకుంటున్నాను.