వెనక పట్టీ

బ్యాంకులకు డబ్బు చేరవేసే బండి మీద పనిచేసేవాళ్ళకు ఒక అలవాటు ఉంది. పొద్దున్నే బండి ఎక్కేముందు బుల్లెట్ ప్రూఫ్ వెస్టు ఎవరిది వాళ్ళే తొడుక్కుంటారు. పట్టీలు మాత్రం ఎవరివి వాళ్ళు బిగించుకోరు. సొంత చేతులు వెనక్కి తిప్పి లాక్కుంటే ఒకవైపు బిగుసుకుపోయి, రెండోవైపు చంక కింద ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీలోంచి ఏదైనా దూరవచ్చు. అందుకని జోడీ మనిషికి వీపు తిప్పి నిలబడాలి. అవతలివాళ్ళు రెండు వైపులా సమంగా లాగి, అంటించి, వీపు మీద ఒక్కటి చరుస్తారు. ఇక బండి ఎక్కవచ్చని దాని అర్థం.

మెత్తన్నకు ఉద్యోగంలో చేరిన నాటి నుంచి ఆ దెబ్బ గట్టన్న చేతిదే.

ఇవి తల్లిదండ్రులు పెట్టిన పేర్లు కావు, బండ్ల షెడ్డులో వాళ్ళు తగిలించినవి. మెత్తన్న నోట్లో నాలుక లేని మనిషి. బ్యాంకు గుమ్మంలో బండికి అడ్డంగా స్కూటరు పెట్టి ఫోను మాట్లాడుకునేవాడితో కూడా, భుజాన తుపాకీ వేసుకుని మరీ, "కొంచెం జరుపుతారా అండీ" అంటాడు. గట్టన్న పద్ధతి వేరు. ఆయన బండి తలుపు తెరిచే చప్పుడుకే సగం స్కూటర్లు జరిగిపోయేవి. అలాంటి ఇద్దరినీ ఒకే బండిలో వేసిన సూపర్‌వైజరు ఎవరో గానీ బుద్ధిమంతుడు. ఒకళ్ళ డబ్బాలో ఒకళ్ళు చెయ్యి పెట్టుకుని తింటూ, ఒకళ్ళ తుమ్ము ఒకళ్ళకు తెలిసేంతగా కలిసిపోయారు. మెత్తన్న భార్య గట్టన్నను "అన్నయ్యా" అనేది. అలా ఇద్దరూ బావలయ్యారు.

మోకాళ్ళు అరిగి గట్టన్న ఉద్యోగం మానేశాడు. మెయిన్ రోడ్డు మలుపులో చిన్న షాపు పెట్టాడు. హెల్మెట్లు, చేతి తొడుగులు, ఇనుప ముక్కు బూట్లు, వెస్టులు. షాపు తెరిచిన రోజు అందరికన్నా ముందు వెళ్ళి, అవసరం లేకపోయినా ఒక టార్చిలైటు కొన్నది మెత్తన్నే.

బండిలో గట్టన్న స్థానంలో కొత్తమ్మాయి వచ్చింది. స్కూలు రోజుల్లో పరుగు పందేలలో కప్పులు గెలిచిందట, ఇప్పటికీ నడవమంటే పరిగెడుతుంది. "అన్నా, అన్నా" అంటూ అడిగిందే అడుగుతుంది. అడగడం తప్పు కాదని మెత్తన్నకు అప్పటికి తెలియదు.

ఆ మధ్య వేరే ఊళ్ళో ఇలాంటి బండి మీదే రైఫిళ్ళతో దాడి జరిగింది. గుడ్డ పొరలతో చేసే మెత్తటి వెస్టు పిస్టలు తూటాను ఆపుతుంది గానీ రైఫిలు తూటాను ఆపలేదు. కంపెనీవాళ్ళు హడావిడిగా అందరికీ గట్టి ప్లేట్లు పంచిపెట్టి, వెస్టు మీద వేసుకోమని చెప్పి చేతులు దులుపుకున్నారు. మెత్తన్న వెస్టుకు గడువు తీరిపోయి చాన్నాళ్ళయింది. కొత్తది సొంత డబ్బుతోనే కొనాలి. ఎక్కడ కొనాలన్న ఆలోచనే అతనికి రాలేదు. ప్లేటును సంచిలో పెట్టుకుని, పాత వెస్టు తొడుక్కుని, తిన్నగా బావ షాపుకు వెళ్ళాడు.

గట్టన్న ప్లేటును అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ప్లేట్లు రెండు రకాలు బావా. ఒక రకం ఒంటరిగానే రైఫిలు తూటాను ఆపుతుంది. బరువెక్కువ. ఇది రెండో రకం. తేలిగ్గా ఉంటుంది గానీ, వెనక మెత్తటి వెస్టు ఉంటేనే పనిచేస్తుంది. తూటాని ప్లేటు పగలగొడుతుంది, మిగిలిన ఊపుని వెస్టు పట్టుకుంటుంది."

"నువ్వూ నేనూ అన్నమాట," అన్నాడు మెత్తన్న.

గట్టన్న పకపకా నవ్వాడు. "అచ్చం అంతే. అయితే ఏ వెస్టు పడితే అది కుదరదు. దీంతో జతచేసి పరీక్షించిన రకమే ఉండాలి. నీ ఒంటి మీదున్నదీ ఆ రకమే, కానీ దాని పని అయిపోయింది. అదే రకంలో కొత్తది తెప్పిస్తా. కూర్చో, కొలత తీసుకుంటాను."

నిలబెట్టి కొలిచేవాడికి ఈ పని రాదని గట్టన్న వాదన. నిలబడ్డప్పుడు చక్కగా ఉన్న వెస్టు, బండి సీట్లో కూర్చోగానే బెల్టు మీద ఆని పైకి తన్నుకొచ్చి గొంతు పట్టుకుంటుంది. అందుకని మెత్తన్నను స్టూలు మీద కూర్చోబెట్టి కొలిచాడు. ప్లేటు అంచులకన్నా వెస్టు నాలుగు వైపులా బయటికి ఉండాలన్నాడు. వెస్టు మీద వేసుకునే కోటు ఒక సైజు పెద్దది కుట్టించుకోమన్నాడు, లేకపోతే లోపల ఏముందో దారినపోయేవాడికి కూడా తెలిసిపోతుందన్నాడు. మెత్తన్న బుద్ధిగా తలూపాడు. అన్నీ విడమరిచి చెప్పే మనిషి తనను ఎందుకు ముంచుతాడు?

"పాతది ఇలా ఇచ్చేయ్," అన్నాడు గట్టన్న చివర్లో. "కోసేస్తాను. చచ్చిన వెస్టు బతికున్న మనిషి ఒంటి మీద ఉండకూడదు."

అది వాళ్ళ వృత్తిలో అందరూ పాటించే మాట. గడువు తీరినదాన్ని ముక్కలు చేయకపోతే ఎవరో ఒకరు కొత్తదనుకుని వేసుకుంటారు. మెత్తన్న అక్కడే విప్పి ఇచ్చేశాడు.

అన్నాళ్ళూ షెడ్డులో అరువు వెస్టుతో నెట్టుకొచ్చి, కొత్తది వచ్చిందని కబురందాక వెళ్ళాడు. గట్టన్న చేతులారా తొడిగాడు. నల్లటి కొత్త కవరు, కొత్త గడువుతో మెరిసే చీటీ. పట్టీలు సమంగా లాగి, అంటించి, పాత పద్ధతిలోనే వీపు మీద ఒక్కటి చరిచాడు. ఆ దెబ్బకు మెత్తన్న కళ్ళు చెమర్చాయి. ఇన్నాళ్ళూ అది లేని లోటుతో ఉన్నానని అప్పుడే తెలిసింది.

వెస్టు అతికినట్టు సరిపోయింది. కొత్త వెస్టంటే మామూలుగా అట్టముక్క. వారాల తరబడి చంకలు ఒరుసుకుపోతాయి, వంగి బూటు తాడు కట్టుకోవడమే గగనమవుతుంది. ఇది మొదటిరోజే ఒంటికి అలవాటుపడిపోయింది. మెత్తన్న మురిసిపోయి షెడ్డంతా చూపించుకున్నాడు.

"కొత్తది ఇంత మెత్తగా ఎలా ఉందన్నా?" అంది కొత్తమ్మాయి, అంచు నొక్కి చూస్తూ.

"కొలత తీసేవాడిని బట్టి ఉంటుందమ్మా. నువ్వూ ఆయన దగ్గరే కొనుక్కో. నా పేరు చెప్పు," అన్నాడు మెత్తన్న ఛాతీ విరుచుకుని. ఆ అమ్మాయి జీతం రాగానే కొంటానంది.

ఆ వెస్టుతోనే, దాని మీద ప్లేటుతోనే, అతను రోజూ బ్యాంకు మెట్లు ఎక్కాడు, దిగాడు. ఇదివరకటికన్నా ధైర్యంగా ఎక్కాడు కూడా.

సెలవు రోజున భార్య వెస్టు కవరును ఉతకడానికి విప్పింది. లోపలి పొరల కట్టను ఉతకకూడదు, తడిగుడ్డతో తుడవాలి. అది మెత్తన్న పని. ఆమె దాన్ని అతని ఒళ్ళో పెట్టబోతూ ఆగి వాసన చూసింది.

"కొత్తది కదండీ ఇది? అప్పుడే ఇంత నొప్పుల మందు వాసనేంటి?"

"రోజూ రాసుకునేది నా వీపుకే కదే. అంటుకోదా?"

"కవరుకి అంటుకోవాలి. లోపలిదానికెలా పట్టింది?"

"నీకన్నీ అనుమానాలే," అని విసుక్కుంటూ మెత్తన్న గుడ్డ తడిపి తుడవడం మొదలుపెట్టాడు. ఎడమవైపు కింది మూలకు రాగానే బొటనవేలు ఒక గుంటలో పడింది. పైకి కనపడదు, వేలికే తెలుస్తుంది. చిన్నది, నలుచదరంగా ఉంది.

మెత్తన్న చెయ్యి ఆగిపోయింది.

పాత బండిలో అతని సీటు బెల్టు ఒకసారి తెగిపోతే, కంపెనీ ఎప్పటికి బాగుచేస్తుందోనని గట్టన్నే పాత లారీ నుంచి ఊడదీసిన పెద్ద బకిల్ తెచ్చి బిగించాడు. "ఇది నిన్ను ఎక్కడికీ పోనివ్వదు బావా," అన్నాడు. నిజమే, పోనివ్వలేదు. గతుకు వచ్చినప్పుడల్లా ఎడమ నడుము దగ్గర పొడుస్తూనే ఉండేది. ఏళ్ళ తరబడి పొడిచి పొడిచి పాత వెస్టులో గుంట చేసింది. ఆ గుంటే ఇది.

అతనికి ముందు కోపం రాలేదు, సిగ్గేసింది. ఏదో తనే దొంగతనం చేసి పట్టుబడినట్టు అనిపించింది. విషయం చెబితే భార్య ఒప్పుకోలేదు.

"అన్నయ్య అలా చేయడండీ. ఏదో పొరపాటయ్యుంటుంది. ఎవరిదో మారిపోయుంటుంది."

మెత్తన్నకూ అదే నమ్మాలని ఉంది. ఆ కట్టను ఒంటికి ఆనించుకుని, బండి సీట్లో కూర్చున్నట్టు కుర్చీలో కూర్చున్నాడు. గుంట వచ్చి, ఏళ్ళుగా ఎక్కడుండేదో సరిగ్గా అక్కడే నడుము మీద ఆగింది. భార్య పట్టుకున్న కవరును బకెట్లో వేయకుండా అలాగే నిలబడింది.

అప్పుడు వచ్చింది కోపం. మొన్నటికి మొన్న బ్యాంకు ముందు ఏదో టైరు పేలితే, తూటా అనుకుని, కొత్తమ్మాయిని వెనక్కి నెట్టి తను ముందుకొచ్చి నిలబడ్డాడు. ఒంటి మీద కొత్త వెస్టు ఉందన్న ధైర్యంతో. ఉన్నదేమిటి? వెనక ఆసరా లేకపోతే నిలవని ప్లేటు, దాని వెనక పని అయిపోయిన వెస్టు.

మధ్యాహ్నం వెళ్ళేసరికి షాపులో గట్టన్న ఒక్కడే ఉన్నాడు. మెత్తన్న కట్టను కౌంటరు మీద పెట్టి, ఆయన చెయ్యి పట్టుకుని, బొటనవేలును ఆ గుంటలో ఆనించాడు.

"నువ్వు బిగించిన బకిలే బావా."

గట్టన్న చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఇన్నేళ్ళలో మన మీద ఒక్క తూటా అయినా పేలిందా? చెప్పు. గడువు, గడువు అంటారు. నిన్నటిదాకా పనిచేసింది తెల్లారేసరికి చచ్చిపోతుందా?"

"మరి కోసేస్తానన్నావుగా."

"షాపు నడవట్లేదు బావా. నీకేం తెలుసు?"

"చెప్పుంటే తెలిసేది." మెత్తన్న గొంతు ఎప్పటిలాగే మెత్తగా ఉంది. గట్టిగా అరవడం చేతకానందుకు అతనికి తన మీద తనకే అసహ్యం వేసింది. "ఒక్కటి అడుగుతాను. నాకే ఎందుకు అమ్మావు? నీ దగ్గరికి ఇంకెవరూ రారా?"

గట్టన్న తల దించుకున్నాడు. అబద్ధం ఆడివుంటే బాగుండేది.

"వేరేవాళ్ళు కవరు విప్పి చూస్తారు. నువ్వు చూడవు."

ఇంతసేపూ మెత్తన్న తనకు జరిగింది పొరపాటో, ఆశో, ఇంకేదో అనుకున్నాడు. తన నమ్మకాన్ని కూడా బావ ఆ స్టూలు మీదే కూర్చోబెట్టి కొలిచాడన్నమాట.

మెత్తన్న గోడకున్న పెద్ద కత్తెర తీశాడు. ఆ గుడ్డ మామూలు గుడ్డ కాదు, కత్తెరకు లొంగదు, జారిపోతుంది. ఒకరు పట్టుకుంటే ఇంకొకరు కోయాలి. గట్టన్న చెయ్యి అలవాటుకొద్దీ రెండో కొస పట్టుకోబోయింది.

"వద్దు," అన్నాడు మెత్తన్న.

కొసను మోకాలి కింద అదిమిపెట్టి, చెమటలు కక్కుతూ, అరచేతులు బొబ్బలెక్కేదాకా, ఆ గుంట మీదుగా అడ్డంగా కోశాడు. గట్టన్న చూస్తూ నిలబడ్డాడు. ముక్కలు అక్కడే వదిలేసి మెత్తన్న బయటికి నడిచాడు. వెనక నుంచి "బావా" అన్న పిలుపు వినిపించింది. అతను తిరగలేదు.

కొత్తమ్మాయిని వెంటబెట్టుకుని ముక్కూమొహం తెలియని వేరే షాపులో ఇద్దరికీ వెస్టులు తీసుకున్నాడు. ప్లేటు చూపించి, దీంతో జతచేసి పరీక్షించిన రకమేనా అని అడిగాడు. కాగితం చూపించమన్నాడు. షాపువాడి ముందే కవరు విప్పి, పొరల కట్టను మూలమూలా వేలితో తడిమాడు. తప్పు చేస్తున్నట్టు చెవులు ఎర్రబడ్డాయి. షాపువాడు ఏమీ అనుకోలేదు, పైగా "చూసుకోండి సార్, చూసుకోవాలి" అన్నాడు. ఇంత తేలికైన పని ఇన్నాళ్ళూ ఎందుకు చేయలేదని మెత్తన్నకు ఏడుపొచ్చింది.

మర్నాడు పొద్దున షెడ్డులో కొత్త వెస్టు అట్టముక్కలా చంకల్లో కొరుకుతోంది. కొత్తమ్మాయి రోజూలాగే పట్టీలు బిగించడానికి వెనక్కి వచ్చింది. ఆ చెయ్యి వీపుకు తగలగానే మెత్తన్న చటుక్కున గోడవైపు జరిగాడు.

"నేను చూసుకుంటాలేమ్మా."

చేతులు వెనక్కి తిప్పి, లాగి, వదిలి, మళ్ళీ లాగాడు. ఆ అమ్మాయి చూస్తూ నిలబడింది.

"వంకరగా వచ్చిందన్నా. ఎడమ చంక కింద ఖాళీ ఉంది."

"తెలుసు. ఉండనీ."

ఆమె ఇంకేమీ అడగలేదు, మొదటిసారి. మెల్లగా వెనక్కి తిరిగి, జడ ముందుకు వేసుకుని, తన వీపు అతనికి అప్పగించి నిలబడింది. మెత్తన్న ఆమె పట్టీలు రెండు వైపులా సమంగా లాగాడు, అంటించాడు, అనుమానం తీరక విప్పి మళ్ళీ అంటించాడు. చంకల కింద వేలు పెట్టి ఖాళీ లేదని చూసుకున్నాడు. తర్వాత వీపు మీద ఒక్కటి చరిచి, తన పట్టీ వంకరగానే ఉంచుకుని, బండి ఎక్కాడు.