పడవకు కొట్టిన కొబ్బరికాయ

ఏడో తరగతిలో బడీ నేనూ ఒకరికొకరం దండం పెట్టుకున్నాం. 2012లో ఎల్లారెడ్డి ఊరి దగ్గరి చెరువులో చేపలు పట్టడానికి కర్ర చట్రం కట్టి, పాత టార్పాలిన్ తొడిగి, తారు పూసి, నేనొక్కణ్ణే భుజాన మోసుకుపోగల పడవ చేశాను. అది తేలకపోతే దుబాయ్ పోవాలని నా భార్య షరతు.

నీళ్లలోకి దించబోతుంటే మా అమ్మ, "ఆగు కొడుకా" అంటూ పడవ ముక్కుమీదే కొబ్బరికాయ కొట్టింది. కాయ పగల్లేదు. టార్పాలిన్ చింపుకొని పడవలో పడింది.

ఒడ్డంతా గొల్లున నవ్వింది.

"బ్యాగు సదరాల్నా?" అంది నా భార్య.

"ముందుగాల సూది, దారం తే!"

అతుకు కుట్టి, తారు కాచి పూసి, ఆరేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు. సాయంత్రం నా భార్యా నేనూ ఎక్కాం. చెరువు మధ్యకు వచ్చాక కూడా చుక్క నీరు రాలేదు.

"దుబాయ్‌ల గిన్ని నీళ్లుంటయా?" అంది నా భార్య.

ఆ పడవకు తర్వాత చాలా అతుకులు పడ్డాయి. నాకు మాత్రం మా అమ్మ వేయించిన మొదటిదే ఇష్టం.