అత్త పంటినొప్పి

క్రిస్మస్ సెలవులకు స్వీడన్ వెళ్తూ ఆఫీసు స్నేహితురాలు ఇచ్చిన డబ్బా ఇవాళ తెరిచాను. స్నూస్ అట, పెదవి కింద పెట్టుకునే తడి పొగాకు. పండగకని లవంగం, నారింజ తొక్క కలిపారు. ఆ వాసనకు జర్మనీలో, నా స్టుట్‌గార్ట్ గదిలోకి మేనత్త వచ్చి కూర్చుంది.

భర్త పోయాక అత్త మా ఇంట్లోనే ఉండిపోయింది. మధ్యాహ్నాలు పెరటి గడపలో ఒక్కతే కూర్చుని, దవడన లవంగం కలిపి నలిపిన పొగాకు పెట్టుకుంటే పిలిచినా పలికేది కాదు. పంటినొప్పేమో అనుకుని నేనూ దవడ పట్టుకుని పక్కన కూర్చునేదాన్ని.

"నొప్పి తగ్గిందా అత్తా?"

ఉమ్మేసి వచ్చి నవ్వేది. "నువ్వొచ్చి కూసున్నంక ఇంకెక్కడిదే నొప్పి?"

అది పంటినొప్పి కాదని పెద్దయ్యాక తెలిసింది.

చిటికెడు పెదవి కింద పెట్టుకున్నాను. చిగుళ్లు చురుక్కుమన్నాయి. చెయ్యి దానంతటదే దవడ మీదికి వెళ్లింది. తగ్గిందా అని అడిగేవాళ్లు లేరు.